ఒలీవ కొయ్యకు పావిత్ర్య మెక్కడిది?

మధ్యధరా సముద్రపు తూర్పుతీరమున, సున్నపురాళ్లు నిండిన కొండచరియలపై, వేసవి నెలలలో చినుకైన రాలని నేలలో వేళ్లను దూరముగా చాచుకొని వందల సంవత్సరములు ఒక్కచోటనే నిలిచియుండు ఒలీవ వృక్షమునకు దక్కిన గౌరవము, మన అశ్వత్థమును మినహాయించినచో, లోకములోని మతములయందు మరి యే చెట్టునకును దక్కినట్లు కానరాదు. యూదులు, క్రైస్తవులు, మహమ్మదీయులు, దేవుడొక్కడే యను మాటలో ఏకీభవించియు తక్కిన పెక్కు మాటలలో శతాబ్దముల తరబడి కలహించుకొనుచు వచ్చిన ఈ మూడు మతములవారును, ఇది పుణ్యవృక్షమనుటలో మాత్రము భేదాభిప్రాయము లేనివారు. హైదరాబాదు ముసల్మాను గృహములలో జైతూను నూనె యని ఆదరముతో వాడునదియు, మన క్రైస్తవులు బైబిలులో ఒలీవ యని చదువుకొనునదియు, నేటి పట్టణవాసులు వంటకై అంగడిలో ఆలివ్ నూనె యని కొనునదియు ఈ చెట్టు సొమ్మే.

చూచుటకు ఇది గొప్ప చెట్టు కాదు. దేవదారువునకున్న ఔన్నత్యము దీనికి లేదు. పూవు మిక్కిలి చిన్నది. పచ్చికాయ నోట పెట్టరానంత చేదు. ఉప్పునీట నానవేసి ఆ చేదును విరిచినగాని తినుటకు రాదు. నాటినవాడు కొన్ని సంవత్సరములు కాపునకై వేచియుండవలెను. తీరా కాపు వచ్చిన పిదప ఒక యేడు విరగగాసి, మరుసటి యేడు అలసినట్లు అక్కడక్కడ నాలుగు కాయలు చూపి యూరకుండును. ఆకు పైవైపు ముదురు పచ్చన, అడుగువైపు వెండి ఛాయ. గాలి మరలినప్పుడు తోట తోటయే రంగు మార్చుకొనును. చెప్పుకొనదగిన సొగసు ఏదేని ఉన్నచో అదొక్కటే.

ఇట్టి చెట్టు కొయ్యను బెత్లెహేము పట్టణమునందలి పనివారు శిలువలుగాను, జపమాలలుగాను, పశువుల తొట్టిలో పరుండిన శిశువుగాను చెక్కుదురు. దేశదేశముల యాత్రికులు వానిని కొని, కన్నుల కద్దుకొని, ఇంటికి తెచ్చుకొందురు. ఆ కన్నుల కద్దుకొనుట దేనికి? చెట్టు పుణ్యమైనది కావున కొయ్యయు పుణ్యమా? చెక్కిన రూపము పూజ్యము కావున ఆ పూజ్యత కొయ్యకు సంక్రమించినదా? లేక, పావిత్ర్యమనునది కొనువాని మనస్సున తప్ప మరెక్కడను లేదా? చూపునకు చిన్నదైన ఈ ప్రశ్నను త్రవ్వుకొనుచు పోయినచో, విగ్రహమును గూర్చి మానవులు రెండువేల యేండ్లకు పైగా సాగించిన వాదమంతయు దాని క్రిందనుండి బయటపడును.

జలప్రళయము తగ్గుముఖము పట్టినపుడు నోవహు విడిచిన పావురము ముక్కున కరచుకొని తెచ్చిన ఒలీవ ఆకు కథ అందరు నెరిగినదే. దానినుండి శాంతిచిహ్నమొకటి పుట్టి, ఐక్యరాజ్యసమితి పతాకముపై కొమ్మలై వెలసి, రాజకీయవేత్తల ఉపన్యాసములలో నలిగి నలిగి నేడు అర్థమును చాలవరకు పోగొట్టుకొన్నది. మూలకథలో ఆ ఆకు తెచ్చిన వార్త వేరు: నీరు తీసినది, నేల తేలినది, అన్ని దినములు మునిగియుండియు ఒక చెట్టు చావక చిగిర్చినది. సంధిపత్రములకంటె ఆ వార్తయే నాకు గంభీరముగా తోచును.

అంతకంటెను నాకు ప్రీతియైనది న్యాయాధిపతుల గ్రంథమున యోతాము చెప్పిన కథ. అబీమెలెకు తన డెబ్బదిమంది సోదరులను చంపించి షెకెమున రాజ్యమునకు వచ్చెను. తప్పించుకొన్న కనిష్ఠుడగు యోతాము గెరిజీము కొండ యెక్కి ఆ పురజనులకు ఒక కథ వినిపించెను. చెట్లన్నియు తమకొక రాజు కావలెనని బయలుదేరి ముందుగా ఒలీవను ఆశ్రయింపగా, దేవతలను మానవులను సన్మానించు తన తైలమును విడిచి చెట్లపై పెత్తనము చేయబోనని అది నిరాకరించినది; అంజూరమును ద్రాక్షయు అట్లే కాదన్నవి; కడకు ముండ్లపొద ఒప్పుకొని, తన నీడకు రండనియు, రానిచో నిప్పు పుట్టించి దేవదారువులను సైతము కాల్చెదననియు పలికినది. ఈ కథను రాజకీయనీతిగా చదువుట వాడుక. అందు వేరొక సూక్ష్మము కలదు. రాజును అభిషేకించుటకు కావలసిన తైలము ఒలీవయొద్దనే ఉన్నది. పట్టాభిషేకము చేయగలది తానే. చేయగలది కనుకనే చేయించుకొననొల్లలేదు. కీర్తి లేని నీడ లేని ముండ్లపొదకు ఆ సంశయము కలుగలేదు.

యాజకులకును రాజులకును తలమీద పోయు అభిషేక తైలము, బోళము దాల్చిని మున్నగు సుగంధములను ఈ నూనెతో కలిపి చేయవలెనని నిర్గమకాండము విధించినది. దేవాలయ దీపమునకు దంచి తీసిన స్వచ్ఛమైన ఒలీవ నూనెయే పోయవలెను. ఖురానులో ‘నూర్’ అధ్యాయమునందు దైవజ్యోతిని గూటిలో, గాజు కుప్పెలో వెలుగు దీపముతో ఉపమించి, అది తూర్పునకు చెందక పడమటికి చెందక నిలిచిన ధన్యమైన ఒలీవ వృక్షపు తైలముతో వెలుగుననియు, నిప్పు తాకకముందే ఆ నూనె వెలుగుచున్నట్లుండునని వర్ణించిరి. ఆ చెట్టు ఈ లోకమునకు చెందినదే కాదని కొందరు వ్యాఖ్యాతలును, ఉదయాస్తమయముల నడుమ ఎండ ఏ వైపునను మరుగుపడని కొండనెత్తమునందలి చెట్టని మరికొందరును వ్యాఖ్యానించిరి; రెండవవారు రైతు కన్నుతో చూచిరని నా యూహ.

వీని నన్నిటిని కలిపి చూచినచో తేలునదేమన, గ్రంథములు పొగడినది నూనెను, ఆకును, దీపమును గాని, కొయ్యను కాదు. కొయ్యను గూర్చిన మాట మనకు గ్రీకు దేశమున స్పష్టముగా వినవచ్చును. హెరొడోటసు వ్రాసిన చరిత్రలో ఒక వృత్తాంతము కలదు. ఎపిడారసు నగరమున పంటలు పండక క్షామము రాగా, డెల్ఫీ దైవవాణిని అడిగిరి. దామియా, ఆక్సేసియా యను దేవతల ప్రతిమలను నిలుపుడని వాణి పలికినది. కంచుతో చేయవలెనా, రాతితో చేయవలెనా యని వారు మరల అడుగగా, రెండును వలదు, తోటలో పెంచిన ఒలీవ కొయ్యతో చేయుడని సమాధానము వచ్చినది. ఎపిడారసువారు ఏథెన్సు ఒలీవలే మిక్కిలి పవిత్రములని తలచి, ఒక చెట్టు నరుకుకొననిమ్మని ఏథెన్సును అర్థించిరి. ఏథెన్సువారు ఊరక ఇయ్యలేదు. ఏటేట ఎథీనా దేవికిని ఎరెక్థియసునకును బలులు పంపవలెనని షరతు పెట్టి ఇచ్చిరి. తరువాత ఆ ప్రతిమలను ఐజినా ద్వీపవాసులు ఎత్తుకొనిపోవుటయు, షరతు ఎవరు చెల్లింపవలెనను తగవు ముదిరి వైరమగుటయు వేరు కథ. క్షామ నివారణకు దేవత కంచును రాతిని కాదని, మనిషి చేతితో పెంచిన చెట్టును కోరినదన్న సంగతిని మాత్రము మనము గుర్తుంచుకొనవలెను. అడవి చెట్టు పనికిరాదు. సాగు చెట్టు కావలెను.

యెరూషలేములోను ఒలీవ కొయ్య దేవుని సన్నిధికి చేరినది. సొలొమోను కట్టించిన మందిరపు గర్భాలయములో పది మూరల యెత్తు గల రెండు కెరూబులను ఒలీవ కొయ్యతో చేయించి బంగారు రేకు పొదిగించెనని రాజుల గ్రంథము చెప్పును. ఇందొక విరోధము పొడకట్టును. చెక్కిన ప్రతిమను చేసికొనరాదని పది ఆజ్ఞలలో విధించిన ధర్మమే, ఆ ఆజ్ఞల పలకలుంచిన మందసముపై రెక్కలు చాచిన కొయ్య ప్రతిమల నెట్లు సహించినది? యెషయా ప్రవక్త పరిహాసము మరింత తీవ్రమైనది: ఒకడు చెట్టు నరికి, సగము పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకొని, చలి కాచుకొని, మిగిలిన సగముతో దేవుని చేసి, నన్ను రక్షింపుమని దాని యెదుట సాగిలపడుచున్నాడే, చేతిలోనిది కొయ్యముక్క యని వానికి తోచదే యని ఆయన ఆశ్చర్యపడెను. ఈ ప్రశ్నను తప్పించుకొని ఏ విగ్రహారాధకుడును పోలేడు. మన వేమనయు ఇట్టి ప్రశ్నలనే అడిగినవాడు.

దీనికి సమాధానము చెప్పినవాడు బెత్లెహేమునకు సమీపముననే ఉండెననుట ఈ కథలోని ఒక విశేషము. బెత్లెహేమునకు తూర్పున, కెద్రోను లోయ గోడకు అంటుకొని మార్ సాబా మఠము నేటికిని నిలిచియున్నది. ఎనిమిదవ శతాబ్దమున బైజాంటియము చక్రవర్తులు పటములను ప్రతిమలను ధ్వంసము చేయించుచుండగా, సంప్రదాయము ప్రకారము ఆ మఠమున నివసించిన దమస్కు యోహాను, ఖలీఫాల ఏలుబడిలో ఉండుటవలన చక్రవర్తి చేతికి అందక, పటముల పక్షమున మూడు ఉపన్యాసములు వ్రాసెను. ఆయన వాదపు సారమిది: తాను కొయ్యను గాని రంగును గాని ఆరాధింపడు, కాని దేవుడు దేహము ధరించిననాడే జడపదార్థమును తన కార్యమునకు వాడుకొన్నాడు, కావున జడమును తృణీకరించుట దైవకార్యమును తృణీకరించుటయే యగును. 787లో నైసియాయందు కూడిన సభ, ఆరాధన వేరు, గౌరవము వేరు, ప్రతిమకు చేసిన గౌరవము మూలమునకే చేరునని తీర్మానించినది. వాదము చక్కనిదే. అయినను మన ప్రశ్నకు ఇది పూర్తిగా చాలదు. ఏలయన ఈ వాదము ప్రకారము ప్లాస్టిక్ శిలువయు ఒలీవ శిలువయు సమానములే కావలెను, యాత్రికుడు మాత్రము వానిని సమానములుగా చూచుట లేదు.

ఈ చిక్కును విప్పుటకు మన మీమాంసకులు కొంత తోడ్పడుదురని నా యభిప్రాయము. యజ్ఞమునందు పశువును కట్టు స్తంభమునకు యూపమని పేరు. మారేడు, మోదుగ, చండ్ర మొదలగు చెట్లలో నొకదాని మానుతో దానిని చేయుదురు. అడవిలో ఉన్నంతకాలము ఆ చెట్టు యూపము కాదు. నరికి తెచ్చినంతమాత్రమునను కాదు. దానిని చెక్కి, ఎనిమిది పలకలుగా తీర్చి, నేయి పూసి, దర్భత్రాడు చుట్టి, సమంత్రకముగా నిలిపిన పిదపగాని ఆ పేరు దానికి చెల్లదు. కావున యూపమనగా కొయ్యయా, సంస్కారములా యని శంకించి, సంస్కారములవలన అలౌకికమైన యొక స్థితిని పొందిన కొయ్యయే యూపమని వారు నిర్ణయించిరి. కొయ్య లేక సంస్కారము నిలువదు. సంస్కారము లేక కొయ్య కొయ్యయే. ఇంకొక సంగతి. ఆ చెట్టును నరుకునప్పుడు గొడ్డలికిని మానునకును నడుమ దర్భనుంచి, హింసింపకుమని గొడ్డలిని వేడుదురు. నరికిన పిదప మిగిలిన మోడుపై ఆజ్యాహుతి నిచ్చి, నూరు కొమ్మలతో మరల ఎదుగుమని వృక్షమును ప్రార్థింతురు. తీసికొన్నవాడు మిగిలినదానికి క్షేమము కోరుటయు ఆ సంస్కారములలో నొకటి.

ఈ దృష్టితో బెత్లెహేము పనిని పరికింతము.

నాలుగవ శతాబ్దమున కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలమున క్రీస్తు జన్మించిన గుహపై ఆలయము కట్టనారంభించినప్పుడే అచ్చటి సన్యాసులు గ్రామస్థులకు ఈ పని నేర్పిరని స్థానికులు చెప్పుకొందురు. స్పష్టమైన చరిత్ర అంతకు చాల తరువాతిది. 1342లో పోపు ఆరవ క్లెమెంటు పుణ్యక్షేత్రముల సంరక్షణమును ఫ్రాన్సిస్కను సన్యాసులకు అప్పగించెను. వారి ప్రోత్సాహమున ఒలీవ కొయ్యపనియు, ముత్యపుచిప్ప పొదుగు పనియు బెత్లెహేమున వర్ధిల్లినవి. పదునారవ శతాబ్దాంతమున పాలస్తీనాలో నాలుగేండ్లున్న బెర్నార్దీనో అమీకో యను ఇటలీ ఫ్రాన్సిస్కను, అచ్చటి ఆలయములను కొలతలతో చిత్రించి గ్రంథముగా ప్రకటించెను. దాని 1620 నాటి ఫ్లారెన్సు ప్రతికి జాక్ కాలో రేఖాచిత్రములు చెక్కెను. ఆ కొలతలను అనుసరించి బెత్లెహేము పనివారు క్రీస్తు సమాధి ఆలయమునకు చిన్న ప్రతికృతులను ఒలీవ కొయ్యతో చేసి, ముత్యపుచిప్పయు ఎముకయు పొదిగి, ఐరోపా రాజులకును ప్రభువులకును చేరునట్లు పంపిరి. వీనిలో పైకప్పు విడదీయవచ్చును. గుమ్మటమునెత్తి లోనికి చూడవచ్చును. మెట్లు, స్తంభములు, చిన్న చిన్న ప్రార్థనాస్థానములు లోపల వేర్వేరుగా అమర్చబడియుండును. యాత్రకు పోజాలనివాడు బల్లమీదనే ఆలయపు భాగమొక్కొక్కటి విప్పుకొనుచు మనస్సుతో ప్రదక్షిణము చేయవచ్చును. లండనులోని బ్రిటిష్ మ్యూజియములో అట్టిదొకటి కలదు. తరువాత 1808లో అగ్నిప్రమాదము జరిగి అసలు ఆలయమే చాలవరకు మారిపోయినది గనుక, పాత రూపము తెలిసికొనగోరువారికి నేడీ బొమ్మలే సాక్ష్యమిచ్చుచున్నవి. అసలునకు నకలు సాక్షియైన వింత యిది.

కొయ్య ఎచ్చటినుండి వచ్చును? కాయలు కోసిన పిదప, శీతకాలమున, రైతులు చెట్లకు కొమ్మలు కొట్టుదురు. పాత కొమ్మలు తీసివేసినగాని లోపలికి వెలుతురు చొరదు, క్రొత్త రెమ్మలు రావు, కాపు నిలువదు. అట్లు కొట్టిన కొమ్మలే పనివాని దుంగలు. చెట్టు చావనక్కరలేదు, కొమ్మ పోవుటవలన చెట్టునకు మేలే. నూనెయు చెమ్మయు పట్టియున్న ఈ కొయ్య తొందరపడువానికి లొంగదు. నీడలో నెలల తరబడి ఆరనిచ్చినగాని పనికి రాదు, పచ్చిగా చెక్కినచో పిదప బీటలు వారును. ఆరిన పిదప అది గట్టిది, బరువైనది. కొండపల్లివారు బొమ్మలకు వాడు తెల్ల పొణికి కత్తికి మెత్తగా ఒదిగిపోవును, ఇది ఉలికి ఎదురు నిలుచును. లేత పసుపు నేలపై గోధుమ, నలుపు చారలు వంకరటింకరగా పారుచుండును. ఏ రెండు ముక్కలకును ఒకే చార ఉండదు.

రంపపు యంత్రముపై ముక్కలు కోసిన పిదప, నేటి పెద్ద కార్ఖానాలలో ఒక మాదిరి బొమ్మను చూచి అనేక బొమ్మలను ఒక్కసారిగా మోటుగా తీర్చు యంత్రములున్నవి. అంతవరకు గొల్లవానికిని యోసేపునకును భేదము లేదు. అన్నియు మొండి రూపములే. పిదప అవి మనిషి చేతికి వచ్చును. సన్నని ఉలితో వస్త్రపు మడతలు విడదీసి, చేతివ్రేళ్లు చీల్చి, కడపట ముఖమును పట్టుకొనును. గరుకు కాగితముతో రుద్ది మైనము గాని నూనె గాని పూయగానే అంతవరకు మసకగా ఉన్న చారలు ఒక్కసారి పైకి తేలును. నేర్పరియైనవాడు ఆ చార ఎచ్చట తేలునో ముందే ఊహించి, మరియమ్మ మేలిముసుగు అంచునకో, గొఱ్ఱె వెన్నునకో అది వచ్చునట్లు ముక్కను త్రిప్పి పట్టుకొనును. నేర్పు చాలనివాని బొమ్మలో అదే చార ముక్కుమీదుగా అడ్డముగా పోవును. నా వ్రాతబల్లమీద ఒక మిత్రుడు తెచ్చియిచ్చిన చిన్న శిలువ యొకటి యున్నది. దాని నిలువు కొయ్యలో నల్లని చార యొకటి పాదమునుండి బయలుదేరి నడుమ అతుకువద్ద ఆగిపోయినది. అడ్డ కొయ్య వేరు కొమ్మ కావున దాని చార వేరు దారిన పోవుచున్నది. వెనుకవైపు మెరుగు పెట్టలేదు. ఉలి గీతలు వ్రేలికి తగులుచున్నవి. చేసినవాడెవరో నాకు తెలియదు గాని, వాని చేయి ఎచ్చట ఆగినదో తెలియును.

ఈ పనివారిలో అధికులు అరబ్బు క్రైస్తవులు, బెత్లెహేము, బేత్ సాహూరు, బేత్ జాలా ఊళ్ల కుటుంబములవారు, ముస్లిములును లేకపోలేదు. ప్రతిమారాధన నిషిద్ధమైన మతమునకు చెందినవాడు క్రైస్తవుని కొఱకు శిశువైన యేసును చెక్కుట విడ్డూరమని మనకు తోచవచ్చును. ప్రతిమయందే పవిత్రత యున్నదనుకొన్నచో అది విడ్డూరమే. పనియందున్నదనుకొన్నచో విడ్డూరమేమియు లేదు.

కొన్న పిదప యాత్రికులు మరొక పని చేయుదురు. యెరూషలేములో క్రీస్తు సమాధి ఆలయము ప్రవేశించగానే ఎదురుగా నొక ఎఱ్ఱని రాతిపలక కనబడును. శిలువనుండి దింపిన దేహమునకు సుగంధ తైలములు పూసిన తావు అదియేనని నమ్మిక. యాత్రికులు తాము కొన్న శిలువలను, జపమాలలను, చేతిరుమాళ్లను సైతము ఆ రాతిపై పరచి, తైలముతో తడిసిన రాతిని తుడిచి, మరల సంచిలో పెట్టుకొందురు. ఆ రాయి 1810లో, అగ్నిప్రమాదానంతరము ఆలయమును పునరుద్ధరించినప్పుడు పరచినది. కొయ్యకు పుణ్యమును పంచు రాయియు అసలు రాయి కాదన్నమాట. పరిహాసమునకు ఇంతకంటె అవకాశమేమి కావలెను? అయినను నాకు నవ్వు రాదు. ప్రతి పావిత్ర్యమును దాని మూలమువరకు వెంబడించి పోయినచో కడపట మనకు దొరకునది వస్తువు కాదు, ఒకరినుండి యొకరికి అందుచు వచ్చిన ఆదరము; ఆ అందించుట తెగినచో అసలు రాయియు రాయియే.

దీనికి చెట్టే సాక్షి. ఒలీవల కొండ పాదమున గెత్సేమనే తోటలో ఫ్రాన్సిస్కనుల సంరక్షణలో ఎనిమిది ముసలి చెట్లున్నవి. క్రీస్తు పట్టుబడిన రాత్రి ఈ చెట్లే చూచినవని భక్తులు నమ్ముచుండిరి. ఇటలీ జాతీయ పరిశోధన మండలి శాస్త్రజ్ఞులు పరీక్షించి 2012లో ఫలితములు ప్రకటించిరి. ఐదు చెట్ల మానులు లోపల డొల్లయగుటచే వయస్సు తేల్చుటకు వీలు పడలేదు. మిగిలిన మూడింటి కొయ్య 1092, 1166, 1198 సంవత్సరముల నాటిదని తేలినది. కొందరు భక్తులకు ఇది ఆశాభంగమే. పైగా క్రీ. శ. 70లో రోమను సేనాని తీతు యెరూషలేమును ముట్టడించినప్పుడు చుట్టుపట్ల చెట్లన్నియు నరికించెనని చరిత్రకారుడు జోసీఫసు వ్రాసియున్నాడు. కాని ఆ పరీక్షయే మరొక సంగతిని చెప్పినది: ఎనిమిది చెట్లును జన్యులక్షణములలో ఒక్కటే, అనగా ఒకే తల్లిచెట్టు కొమ్మలనుండి ఎవరో నాటినవి. పైగా తెలిసిన వయస్సు నేలపై కనబడు మానుదే. ఒలీవ మాను పుచ్చి, కాలి, నరకబడిన పిదపను మొదటినుండి చిగిర్చు చెట్టు. క్రీ. పూ. 480లో పారశీకులు ఏథెన్సు కోటకొండను తగులబెట్టినప్పుడు ఎథీనా ఒలీవ కాలిపోయి, మరునాటికే మోడునుండి మూరెడు చిగురు వేసినదని హెరొడోటసు చెప్పును. మూరెడన్నది భక్తుల అతిశయోక్తి యగునేమో గాని, చిగురు అతిశయోక్తి కాదు. ఆ చెట్టు తత్త్వమది.

ఇప్పుడు వేదాంతులడుగు ప్రశ్న యొకటి వచ్చును. నరికిన చెట్టు, మోడునుండి లేచిన చెట్టు, దాని కొమ్మ నాటగా పెరిగిన చెట్టు, ఈ మూడును ఒక్క చెట్టేనా? బౌద్ధుడైనచో నిన్నటి దీపజ్వాలయు నేటి జ్వాలయు ఒకటి కావు, వేరును కావు, ప్రవాహమున్నదని చెప్పును. నైయాయికుడు అవయవములు మారినచో అవయవి మారినట్లే యని చెప్పును. తోటమాలి మాత్రము చిగురును మోడునుండి వేరుచేసి లెక్కింపడు. ఈ విషయమున నేను తోటమాలి పక్షము. ఏథెన్సులో చట్టమును అట్టిదే యుండెను. పవిత్రములైన ఒలీవల మోడును పెరికినను మహాపరాధమే. అట్లు పెరికితివని నేరము మోపబడిన యొక పౌరుని తరపున వక్త లిసియసు వ్రాసియిచ్చిన ఉపన్యాసము నేటికిని లభించుచున్నది. చచ్చినదని తోచు మోడునకు సైతము న్యాయస్థానమున రక్షణ యుండుట, అందు చెట్టు ఇంకను మిగిలియున్నదన్న నమ్మకముచేతనే.

అపొస్తలుడగు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో, అడవి ఒలీవ కొమ్మను మంచి ఒలీవ మొదలునకు అంటుకట్టినట్లు అన్యజనులు ఇశ్రాయేలు అనుగ్రహములో చేర్చబడిరని చెప్పెను. తోటలు పెంచువాడు చేయునది దీనికి తలక్రిందు. అడవి మొదలునకు మంచి కొమ్మ కట్టుదురు. పౌలునకు వ్యవసాయము తెలియదని ఆక్షేపించినవారు కలరు. ఇది ప్రకృతి విరుద్ధమని పౌలే అచ్చట ఒప్పుకొన్నాడు గదా. దైవకృప తోటమాలి లెక్కకు లోబడదనుటకే ఆ ఉపమానమును ఆయన త్రిప్పివేసెనని నేననుకొందును.

అంటు దూరదేశమునకు ప్రాకినప్పుడు మొదలు మారక తప్పదు. ఒలీవ పెరుగని దేశములలో రోగుల అభ్యంగనమునకు ఏ నూనె వాడవలెనని బిషప్పులు విన్నవింపగా, పోపు ఆరవ పౌలు 1972లో, ఒలీవ నూనె దొరకనిచోట మొక్కలనుండి తీసిన వేరు నూనెయైనను చెల్లునని ఆజ్ఞ యిచ్చెను. ఈస్టరునకు ముందటి ఆదివారమున ఇటలీవారు ఒలీవ కొమ్మలను పట్టుకొని గుడికి పోవుదురు. మన తెలుగు క్రైస్తవులు ఆ దినమును మట్టల ఆదివారమని పిలిచి, ఊరిలో దొరకు మట్టలనే చేతబట్టి ఊరేగుదురు. ఎవరి పండుగయు తక్కువ కాదు. ఒలీవ లేక పావిత్ర్యము లేదనుట ఎంత పొరపాటో, ఏ చెట్టైతేనేమి యనుటయు అంత పొరపాటు. యూపమునకు మారేడైనను చండ్రయైనను చెల్లును గాని, ఏదో యొక చెట్టు, ఏదో యొక నేల, ఎవరిదో యొక చేయి ఉండితీరవలెను.

బెత్లెహేమున ఈ నడుమ ఆ చేయి ఖాళీయైనది. 2020లో మహమ్మారివలన యాత్రలు నిలిచిపోయినవి. అవి కోలుకొనుచుండగానే 2023 అక్టోబరులో యుద్ధము మొదలై యాత్రికుల రాక మరల తెగిపోయినది. ఆ యేడును మరుసటి యేడును జననాలయము ముంగిట క్రిస్మసు చెట్టు నిలుపలేదు. ఊరి జీవనము యాత్రికునిపై ఆధారపడియుండుటచే ఉలి పట్టవలసినవారు వేరు కూలి వెదకుకొనిరి. ఈ పని గ్రంథములు చదివి నేర్చుకొనునది కాదు. తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలసినది. నడుమ ఒక తరము తప్పినచో యంత్రము మిగులును, ముఖము చెక్కువాడు మిగులడు. మన ఆంధ్ర తెలంగాణములనుండి ఏటేట యెరూషలేము యాత్రకు పోవువారు పలువురు కలరు. అట్లు పోవువారికి నా మనవి యొక్కటే: వాకిట రాశులు పోసి యమ్ము దిగుమతి బొమ్మలను విడిచి, బెత్లెహేము సందులలోనో బేత్ సాహూరులోనో చెక్కువాని దుకాణమును వెదకి, ఇది ఎవరు చేసిరని అడిగి, ఆయన చెప్పిన వెల నిచ్చి కొనుడు.